ప్రేమకథకు అడ్డంకే ఆయువుపట్టు

వారపత్రికల్లో, ఆదివారం అనుబంధాల్లో వచ్చే చిన్న ప్రేమకథను తేలిగ్గా తీసిపారేసేవాళ్లున్నారు. నెత్తిన పెట్టుకునేవాళ్లూ ఉన్నారు. నింపాదిగా పరీక్షించినవాళ్లే తక్కువ. ఆ పరీక్షకు పనికొచ్చే కొలతలేమిటి?

ఇద్దరు మనుషులు ప్రేమతో దగ్గరవడమో, దూరమవడమో ప్రధాన విషయంగా ఒకే సంచికలో మొదలై ముగిసేది పత్రికా ప్రేమకథ. ప్రేమ కనిపించిన ప్రతి కథా ఈ కోవలోకి రాదు. కరువు మీద రాసిన కథలో ఒక జంట ఉండవచ్చు. ఆ జంటను తీసేసినా కథ నిలిస్తే అది కరువు కథే. తీసేశాక చెప్పడానికేమీ మిగలకపోతే అది ప్రేమకథ. విమర్శకులు మొదట తేల్చుకోవలసింది ఇదే. కరువు కథను ప్రేమ పండలేదని తప్పుపట్టినా, ప్రేమకథను అందులో విప్లవం లేదని కొట్టిపారేసినా ఆ తీర్పుకు అర్థం ఉండదు.

సీరియల్ నవలకూ ఈ కథకూ చుట్టరికం దగ్గరిదే గానీ పని వేరు. సీరియల్ రాసేవారికి వారాల వ్యవధి ఉంటుంది. నాయిక అలిగితే ఆ అలక నాలుగు సంచికలు సాగుతుంది. చిన్న కథకు దొరికేది మూడు నాలుగు పేజీలు, సుమారు రెండు వేల మాటలు. పరిచయం, ఇష్టం, ఎడబాటు, నిర్ణయం అందులోనే ఇమడాలి. అందుకే చిన్న ప్రేమకథలో తప్పులు తొందరగా బయటపడతాయి. ఒప్పులకు మాత్రం తగిన గుర్తింపు రాదు.

పత్రికల వెంట నడిచిన కథ

తెలుగులో ఆధునిక కథానిక పుట్టుకే పత్రికలో జరిగింది. గురజాడ అప్పారావు ‘దిద్దుబాటు’ 1910లో ‘ఆంధ్రభారతి’లో వచ్చింది. సానిపాటకు మరిగిన భర్త గోపాలరావును, చదువుకున్న భార్య కమలిని ఒక ఉత్తరంతో దారికి తెస్తుంది. సంస్కరణ కథగా ప్రసిద్ధమైన ఈ రచన భార్యాభర్తల అనురాగం మీద రాసిన చిన్న కథ కూడా. మొగుడూ పెళ్లాల మధ్య ఎడం ఎలా వచ్చిందో, దాన్ని ఎవరు ఎలా పూడ్చారో చెప్పడమే దాని నడక. కథను కదిలించే పని ఆడమనిషి చేతిలో ఉంది. ఆ తర్వాత అర్ధ శతాబ్దం పాటు వచ్చిన చాలా ప్రేమకథలకు లేని బలం అది.

1908లో కాశీనాథుని నాగేశ్వరరావు బొంబాయిలో వారపత్రికగా మొదలుపెట్టిన ‘ఆంధ్రపత్రిక’ నుంచి, ‘భారతి’, ‘గృహలక్ష్మి’, ‘యువ’, ‘ఆంధ్రప్రభ’, ‘జ్యోతి’ మీదుగా, 1970లో మాసపత్రికగానూ 1984లో వారపత్రికగానూ వచ్చిన ‘స్వాతి’ దాకా కథ లేని పత్రిక అరుదు. 1978లో వచ్చిన ‘విపుల’ కథలకూ, ‘చతుర’ నవలకూ ప్రత్యేకించిన మాసపత్రికలుగా వెలువడ్డాయి. దీపావళి, సంక్రాంతి, ఉగాది ప్రత్యేక సంచికలూ, వాటితోపాటు కథల పోటీలూ రచయితలకు వేదికలయ్యాయి. చదువుకున్న ఆడవాళ్ల సంఖ్య పెరిగేకొద్దీ పాఠకుల్లోనూ రచయితల్లోనూ స్త్రీల వాటా పెరిగింది.

ఈ వరసలో మలుపు యద్దనపూడి సులోచనారాణి. 1960ల్లో ‘జ్యోతి’లో ధారావాహికగా వచ్చిన ‘సెక్రటరీ’ నవలలోని జయంతి, రాజశేఖరం తర్వాతి తరం కథలకు అచ్చుగా మారారు. ధనవంతుడైన నాయకుడు, ఆత్మాభిమానం గల మధ్యతరగతి నాయిక, ఇద్దరి మధ్య అపార్థం ఆ అచ్చులోని మూడు ముక్కలు. ఈ నవల 1976లో సినిమాగానూ వచ్చింది. అనుకరించినవాళ్లలో చాలామంది కారునూ బంగళానూ పట్టుకుని జయంతి అభిమానాన్ని వదిలేశారు. మూల రచనకూ నకళ్లకూ తేడా చూడకుండా ‘పగటికలల సాహిత్యం’ అని ఒకే మాటతో తోసేయడం ఆనాటి విమర్శలో బాగా కనిపించే లోపం.

విమర్శ నడిచిన దారులు

ప్రేమకథల మీద విమర్శ మూడు దారుల్లో నడిచింది. మొదటిది నీతి దారి. ఇలాంటివి చదివితే పిల్లలు పాడైపోతారన్నది దాని వాదం. రచయిత చలం మీద వచ్చిన దుమారంలో వినిపించింది ఎక్కువగా ఈ గొంతే. కథ ఎలా ఉందన్న ప్రశ్నకు అక్కడ తావు లేదు.

రెండోది భావజాల దారి. ఇంగ్లిషులో జర్మెయిన్ గ్రీర్ 1970లో ‘ది ఫీమేల్ యూనక్’లో ప్రేమ నవలల నాయకుణ్ణి తీవ్రంగా దుయ్యబట్టింది. ఆడవాళ్లే అలాంటి మగవాణ్ణి ఊహించి, తమ సంకెళ్లను తామే మురిపెంగా చూసుకుంటున్నారన్నది ఆమె అభియోగం. 1982లో టానియా మాడ్లెస్కీ మరో కోణం చూపింది. నాయకుడి కరుకుదనం చివరికి ప్రేమేనని తేలుతుందని పాఠకురాలికి ముందే తెలుసు. నిజజీవితంలో మగవాడి కోపానికీ నిర్లక్ష్యానికీ ఓదార్పుగా ఉండే వివరణను ఆమె ఆ కథలో వెతుక్కుంటుంది. తెలుగులోనూ ప్రగతివాద, స్త్రీవాద విమర్శకులు ఇలాంటి ప్రశ్నలే వేశారు: ఈ కథ ఎవరి కోరికను ఎవరి ప్రయోజనానికి వాడుకుంటోంది? పెళ్లితో అన్నీ చక్కబడతాయన్న నమ్మకం ఎవరికి మేలు చేస్తుంది?

మూడోది పాఠకుల దారి. జానిస్ రాడ్వే 1984లో ‘రీడింగ్ ది రొమాన్స్’లో అమెరికాలోని ఒక ఊరి పాఠకురాళ్లతో మాట్లాడి, వాళ్లు ఏం చదువుతున్నారన్నదాంతో పాటు ఎప్పుడు, ఎందుకు చదువుతున్నారో కూడా రాసింది. ఇంటిపనికీ పిల్లల పనికీ మధ్య పుస్తకం తెరవడమంటే ఆ కాసేపు తనకోసం తాను అట్టేపెట్టుకోవడమని తేల్చింది. మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక వారపత్రిక అందుకున్న తెలుగు ఇల్లాలికీ ఈ మాట వర్తిస్తుంది. అయితే చదవడం వల్ల ఊరట దొరికినంత మాత్రాన కథ మంచిదైపోదు. ఇది పాఠకురాలిని గౌరవించడం నేర్పే దారి. కథను తూచడానికి వేరే తూనికరాళ్లు కావాలి.

ఆ తూనికరాళ్లు కథానిర్మాణంలో ఉన్నాయి. పమేలా రెజిస్ 2003లో ప్రేమ నవలకు ఎనిమిది అంగాలు చెప్పింది: జంట చుట్టూ ఉన్న సమాజం, పరిచయం, అడ్డంకి, ఆకర్షణ, ప్రేమ వెల్లడి, ఆశ పూర్తిగా అడుగంటిన ఘట్టం, అడ్డంకిని దాటించే ఎరుక, పెళ్లి నిశ్చయం. రెండు వేల మాటల కథలో ఎనిమిదీ పట్టవు. మంచి కథకులు రెండు మూడు ఘట్టాలను ఎంచుకుని, మిగిలినవి జరిగిపోయినట్టో జరగబోతున్నట్టో సూచిస్తారు. ఏది ఎంచుకున్నా వదలకూడనిది అడ్డంకి. అది లేకపోతే ఇద్దరూ కలుసుకున్న మొదటి పేజీలోనే కథ అయిపోతుంది.

అడ్డంకి ఎక్కడిది?

ప్రేమకథకు అడ్డంకి అవసరమన్న సంగతి భారతీయ అలంకారశాస్త్రానికి కొత్తది కాదు. శృంగార రసాన్ని అది సంభోగం (కలయిక), విప్రలంభం (ఎడబాటు) అని రెండుగా విభజించింది. విశ్వనాథుడి ‘సాహిత్యదర్పణం’ విప్రలంభాన్ని మళ్లీ నాలుగు విధాలు చేసింది. కలయికకు ముందరి తపన పూర్వరాగం, అలక మానం, ఒకరు దూరదేశంలో ఉండటం ప్రవాసం, మృత్యువు విడదీయడం కరుణ. నంది తిమ్మన ‘పారిజాతాపహరణం’ అంతా ఒక పువ్వు వల్ల సత్యభామకు వచ్చిన అలక మీదే నడిచింది. ఎడబాటు లేని శృంగారం పండదని పాత కవులకు తెలుసు.

పత్రికా కథలను ఈ నాలుగింటితో పోల్చి చూస్తే చాలా విషయాలు తేటపడతాయి. ‘సెక్రటరీ’ తరహా కథలు మానం మీద నిలబడ్డవి. వీసా, ఉద్యోగం, గల్ఫ్ ప్రయాణం, అమెరికా కాపురం చుట్టూ అల్లిన కథలు ప్రవాసానికి కొత్త రూపాలు. పెద్దల అనుమతి కోసం ఎదురుచూసేవి పూర్వరాగంలోకి వస్తాయి. చివరి పేజీలో ప్రమాదమో జబ్బో తెచ్చి నాయికనో నాయకుణ్ణో చంపేసే కథలు కరుణను ఆశ్రయించినవి. వీటిలో అన్నిటికన్నా అనుమానంగా చూడవలసింది ఈ చివరి రకాన్నే. మొదటి నుంచీ కథలో నీడలా ఉన్న మృత్యువు వేరు, ముగింపు తోచక పిలిపించిన మృత్యువు వేరు.

అడ్డంకి బలాన్ని కొలవడానికి సులువైన పరీక్ష ఒకటుంది. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని ఒక్క మాట అనుకుంటే తొలగిపోయే అడ్డంకి బలహీనమైనది. బస్టాండులో నాయకుడితో కనిపించిన అమ్మాయి అతని చెల్లెలని చివరి పేరాలో తెలిసే కథ ఈ కోవలోది. అలాగని అపార్థాన్ని వాడటమే తప్పని అర్థం కాదు. ఆ ఒక్క మాట అడగడానికి అభిమానమో భయమో గత అనుభవమో అడ్డొస్తోందని కథ నమ్మించగలిగితే, అసలు అడ్డంకి ఆ మనిషి స్వభావం అవుతుంది. అప్పుడు కథకు లోతు వస్తుంది.

బలమైన అడ్డంకులు తెలుగు జీవితం నిండా ఉన్నాయి. కట్నాన్ని 1961 చట్టం నిషేధించినా పెళ్లిబేరాల్లో అది నేటికీ నడుస్తూనే ఉంది. పెళ్లికాని అక్క, అప్పులపాలైన తండ్రి, చిన్ననాడే అనుకున్న మేనరికం, అన్నిటినీ మించి కులం. కులాంతర, మతాంతర వివాహాలకు వీలిచ్చే 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం ప్రకారం ముందుగా నోటీసు ఇవ్వాలి. దాన్ని కార్యాలయంలో అందరికీ కనిపించేలా పెట్టి, 30 రోజుల పాటు అభ్యంతరాల కోసం ఆగాలి. ఇంట్లో తెలియకుండా పెళ్లి చేసుకోవాలనుకునే జంటకు ఆ 30 రోజులూ ఎలా గడుస్తాయన్నది ఒక కథకు సరిపడా ఉత్కంఠ.

అయినా పత్రికా ప్రేమకథల్లో నాయికానాయకులకు ఇంటిపేర్లు అరుదు. కులం ప్రస్తావన ఉండదు. ఎవరినీ నొప్పించకూడదన్న సంపాదకుల జాగ్రత్త ఇందుకు కొంత కారణం. కానీ ప్రస్తావించనంత మాత్రాన అది కథలోంచి పోదు. వంటింటి మడి, పూజగది, భోజనంలో ఏముంది ఏం లేదు, పెళ్లి తంతు, మాట యాస ఇవన్నీ పాత్రలు ఎక్కడివాళ్లో చెప్పేస్తాయి. అందరిదీ ఒకే వర్గం కావడం వల్ల అడ్డంకి కరువైన కథకు అపార్థమే గతి అవుతుంది. అపార్థాల కథలు అంత పెద్ద ఎత్తున రావడానికి ఈ మౌనం ఒక కారణమని చెప్పవచ్చు.

దాటేదెవరు, ఏం చెల్లించి?

అడ్డంకి తర్వాత చూడవలసింది దాన్ని దాటిన తీరు. దాటింది ఎవరు? అందుకు వాళ్లు ఏం వదులుకున్నారు? మొండి తండ్రి ఆఖరి పేరాలో హఠాత్తుగా కరిగిపోతే, మేనమామ ఆస్తి రాసిచ్చి చనిపోతే, ప్రేమించిన అబ్బాయే పెద్దలు చూసిన సంబంధమని తేలిపోతే, జంట చేసిందేమీ లేదు. దాటించింది రచయిత.

ఇందుకు పూర్తి విరుద్ధమైన ఉదాహరణ ఒక ఆదివారం పత్రికలోనే దొరుకుతుంది. ఓ. హెన్రీ రాసిన ‘ది గిఫ్ట్ ఆఫ్ ది మేజై’ 1905 డిసెంబరు 10న ‘న్యూయార్క్ సండే వరల్డ్’లో అచ్చయింది. పండగ కానుక కొనడానికి డెల్లా దగ్గర ఉన్నది 1 డాలరు 87 సెంట్లు. ఆమె జుట్టు అమ్మి భర్త గడియారానికి గొలుసు కొంటుంది. జిమ్ ఆ గడియారాన్నే అమ్మి ఆమె జుట్టుకు దువ్వెనలు కొంటాడు. అడ్డంకి పేదరికం. ముగింపులో యాదృచ్ఛికత ఉన్నా అది ఆకాశం నుంచి ఊడిపడదు. ఇద్దరూ ఎవరికివారు ప్రేమతో తీసుకున్న నిర్ణయాల్లోంచే వస్తుంది. ఇద్దరూ తమకున్న ఒకే ఒక విలువైన వస్తువును వదులుకుంటారు. కొసమెరుపు కథలు రాసేవాళ్లు ఓ. హెన్రీ నుంచి మెరుపును మాత్రమే తీసుకుంటే చాలదు. ఆ మెరుపుకు పాత్రలు చెల్లించిన మూల్యాన్నీ గమనించాలి.

చెహోవ్ రాసిన ‘కుక్కను వెంటబెట్టుకున్న మహిళ’ కూడా 1899లో ఒక రష్యన్ మాసపత్రికలో వచ్చిన ప్రేమకథే. గూరొవ్‌కూ అన్నా సెర్గేయెవ్నాకూ వేరువేరుగా పెళ్లిళ్లయ్యాయి. అడ్డంకి కథ చివరికి కూడా తొలగదు. అసలు కష్టం ఇప్పుడే మొదలైందని ఇద్దరికీ అర్థమయ్యే చోట కథ ఆగుతుంది. ఇక్కడ మారింది పరిస్థితి కాదు, గూరొవ్. ఆడవాళ్లను చులకనగా చూసిన మనిషి మొదటిసారి నిజంగా ప్రేమలో పడతాడు. సుఖాంతం, దుఃఖాంతం అన్న విభజన ఇలాంటి కథ ముందు పనికిరాదు. ముగింపులో పెళ్లి జరిగిందా లేదా అన్నది కాకుండా, ముగింపు నాటికి ఎవరు ఎంత మారారన్నది అసలు ప్రశ్న.

అలాగని సుఖాంతాన్ని లోపంగా లెక్కపెట్టకూడదు. పెళ్లితో ముగియడం ఈ ప్రక్రియ పాఠకులకు ఇచ్చిన మాట. అపరాధ పరిశోధక కథలో హంతకుడు దొరికినందుకు ఎవరూ తప్పుపట్టరు, ఎలా దొరికాడన్నదే చూస్తారు. ప్రేమకథకూ అదే న్యాయం వర్తించాలి.

దృష్టికోణం, సంభాషణ

వల్లంపాటి వెంకటసుబ్బయ్య ‘కథాశిల్పం’ కథానిర్మాణాన్ని అంశాల వారీగా చర్చించి, 1999లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందింది. ప్రేమకథ విమర్శకు ఆ పరికరాల్లో అన్నిటికన్నా పదునైనది దృష్టికోణం. కథను ఎవరు చూస్తున్నారు? నాయకుడి కళ్లతో నడిచే కథలో నాయిక పొడుగు జడ, కాటుక కళ్లు కనిపిస్తాయి గానీ ఆమె మనసులో ఏముందో తెలియదు. ఆమె అంగీకారం చివర్లో బహుమతిలా అందుతుంది. బుచ్చిబాబు కథ ‘నన్ను గురించి కథ వ్రాయవూ?’ ఈ లోపాన్నే కథావస్తువుగా మలిచింది. ఒక మామూలు స్త్రీ తన గురించి కథ రాయమని రచయితను అడుగుతుంది. ఆమెలో రాయదగ్గదేముందో అతనికి కనబడదు. చూడలేని మగవాడి చూపే అక్కడ కథగా మారింది.

సంభాషణ రెండో గీటురాయి. ప్రేమలో ఉన్నవాళ్లు అసలు సంగతి తప్ప అన్నీ మాట్లాడుకుంటారు. అన్నం తిన్నావా, బస్సు దొరికిందా అన్న మాటల కిందే ఇష్టం దాగి ఉంటుంది. పాత్రలు తమ భావాలను పేరాల కొద్దీ ప్రకటిస్తే రచయిత పాత్రలను నమ్మలేదని అర్థం. యాస విషయంలోనూ ఇదే పట్టింపు ఉండాలి. కరీంనగర్ పిల్ల, కర్నూలు పిల్లగాడు, శ్రీకాకుళం అత్త ఒకే పత్రికా భాషలో మాట్లాడితే ముగ్గురూ ఒకరే అవుతారు.

వర్ణనకూ లెక్క ఉంది. రెండు వేల మాటల్లో మూడొందలు వెన్నెలకూ వానకూ పోతే, మనుషులకు మిగిలేది తక్కువ. వాన వల్ల కథలో ఏదైనా జరిగితే అది ఉండాలి. తిలక్ కథ ‘ఊరి చివర ఇల్లు’లో వాన లేకపోతే బాటసారి ఆ ఇంటి గడప తొక్కేవాడే కాదు.

కాలం మార్చిన కొలతలు

పాత ప్రేమకథ నడిచింది ఉత్తరాల మీద. ఆలస్యంగా చేరిన ఇన్‌ల్యాండ్ కవరు, చేతులు మారిన చీటీ, తప్పుగా అర్థమైన టెలిగ్రామ్ ఎడబాటుకు కారణాలయ్యేవి. 2013 జూలైలో దేశంలో టెలిగ్రామ్ సేవే ఆగిపోయింది. ఫోను అందరి చేతిలోకీ వచ్చాక కబురు అందకపోవడమన్న అడ్డంకి దాదాపు చచ్చిపోయింది. ఇప్పుడు కబురు అందుతుంది, చదివినట్టు గుర్తు కూడా పడుతుంది, జవాబు మాత్రం రాదు. కొత్త కథకు ముడిసరుకు ఈ మౌనం. సెల్‌ఫోన్ ఉన్న కాలంలో కథ నడుపుతూ అపార్థాలను మాత్రం పాత పద్ధతిలోనే సాగదీస్తే పాఠకులు ఒప్పుకోరు.

రెండో మార్పు సమ్మతికి సంబంధించింది. వద్దన్నకొద్దీ వెంటపడటం, కాలేజీ గేటు దగ్గర కాపు కాయడం, బెదిరించి ఒప్పించడం ఒకప్పటి కథల్లో ప్రేమకు రుజువులు. 2013లో నేరచట్టానికి జరిగిన సవరణతో అమ్మాయి అయిష్టం చెప్పాక కూడా వెంటపడటం శిక్షార్హమైన నేరమైంది. పాత కథను విమర్శించేటప్పుడు ఆ కాలంలో అది ఎలా చెల్లిందో చెప్పాలి, ఈ కాలంలో ఎలా చదవాలో కూడా చెప్పాలి. ఈరోజు రాసిన కథకు మాత్రం ఆ వెసులుబాటు లేదు.

కథ ఒకటి, పేజీ మరొకటి

పత్రికలో అచ్చయిన కథ రచయిత ఒక్కరి పని కాదు. బాపు, వడ్డాది పాపయ్య, చంద్ర వంటి చిత్రకారుల బొమ్మలు ఎన్నో కథలకు ముఖాలయ్యాయి. బొమ్మను బట్టే నాయిక రూపం పాఠకుల మనసులో నిలిచిపోతుంది. శీర్షిక పక్కన వేసిన బొమ్మ ఒక్కోసారి చివరి మలుపును ముందే బయటపెడుతుంది. పేజీ చాలక కోసిన పేరాలు, కథ పైన సంపాదకవర్గం చేర్చిన రెండు వాక్యాల పరిచయం, ‘బహుమతి పొందిన కథ’ అన్న ముద్ర, చుట్టూ ఉన్న చీరల ప్రకటనలు కూడా చదువు మీద ప్రభావం చూపుతాయి. హడావిడిగా ముగిసిందన్న ఆరోపణ చేసే ముందు పత్రిక పెట్టిన నిడివి నిబంధనను గుర్తుంచుకోవాలి. కథ తర్వాత సంపుటిలోకి వస్తే రెండు పాఠాలనూ పోల్చాలి. కాళీపట్నం రామారావు 1997లో శ్రీకాకుళంలో నెలకొల్పిన కథానిలయం పాత కథలు ఎప్పుడు ఏ పత్రికలో వచ్చాయో వెతుక్కునేవారికి పెద్ద ఆసరా.

విమర్శకుల చేతి చీటీ

• ఇద్దరినీ విడదీస్తున్నది ఏమిటి? ఒక్క మాటతో అది తొలగిపోతుందా?
• ఆ అడ్డంకి పాత్రల జీవితంలోంచి వచ్చిందా, బయటి నుంచి తెచ్చిపెట్టిందా?
• దాన్ని దాటింది పాత్రలా, అదృష్టమా?
• ఎవరు ఏం వదులుకున్నారు? ఇద్దరూ వదులుకున్నారా, ఒకరేనా?
• కథను ఎవరి కళ్లతో చూపించారు? రెండో మనిషికి మనసుందా?
• ఊరు, కులం, సంపాదన చెప్పారా, దాచారా? దాస్తే కథకు లాభమా నష్టమా?
• మొదటి పేరాకూ చివరి పేరాకూ మధ్య ఎవరైనా మారారా?

తీర్పు చెప్పే పద్ధతి

బాగుంది, బాగోలేదు అన్న రెండు మాటలకు విమర్శలో విలువ తక్కువ. కథ ఎక్కడ పట్టు తప్పిందో ఆ వాక్యాన్ని చూపాలి. అది ఎందుకు తప్పో చెప్పాలి. వీలైతే ఆ కథలోనే ఉన్న ఏ అంశాన్ని వాడుకుంటే సరిపోయేదో సూచించాలి. తండ్రి మనసు మారడం నమ్మశక్యంగా లేదనడం సగం విమర్శ. రెండో పేజీలో కనిపించి మాయమైన తండ్రి పాత స్నేహితుడి ద్వారా ఆ మార్పుకు కారణం చూపే వీలుండేదని చెప్పడం పూర్తి విమర్శ.

రచయితను తన సాటివాళ్లతో పోల్చడం మర్యాద. వారపత్రిక కథను చెహోవ్ పక్కన నిలబెట్టి ఓడించడం సులువే గానీ దానివల్ల ఎవరికీ ఒరిగేదేమీ లేదు. అదే సంవత్సరం, అదే నిడివిలో, అదే పాఠకుల కోసం రాసిన మరో పది కథల మధ్య ఇది ఎక్కడ నిలుస్తుందో చెబితే పాఠకులకు దారి దొరుకుతుంది, సంపాదకులకు ఎంపిక సులువవుతుంది. చెహోవ్, ఓ. హెన్రీ, బుచ్చిబాబు పైమెట్టు ఎక్కడుందో చూపడానికి పనికొస్తారు.

సాంఘిక కథలకు దొరికినంత జాగ్రత్తయిన చదువు ప్రేమకథకు దొరకకపోవడానికి దాని ఆదరణే ఒక కారణం. అందరూ చదివేదాన్ని లోతుగా చదవనక్కర్లేదన్న అభిప్రాయం విమర్శలో పాతుకుపోయింది. ఎవరు ఎవరిని ఇష్టపడవచ్చు, ఆ ఇష్టానికి ఎవరి అనుమతి కావాలి, కాదంటే ఏమవుతుంది అన్న ప్రశ్నల్ని తెలుగు సమాజం వారం వారం అచ్చులో చర్చించుకున్న చోటు ఈ కథే. అందులోని అడ్డంకులను వరసగా రాసిపెడితే ఒక్కో దశాబ్దంలో ప్రేమకు ఏది అడ్డొచ్చిందో, దేన్ని పైకి చెప్పలేక దాచారో తెలుస్తుంది. కథ బాగోగులతో పాటు ఈ లెక్కను కూడా అప్పజెప్పగలిగినప్పుడే పత్రికా ప్రేమకథ మీద విమర్శ తన పని పూర్తి చేసినట్టు.